ఆటలో అక్షరం: రంగూన్ బడి నుంచి ఒక పాఠం

ఊళ్ళో మనం చదువుకున్న బడికి ఏదైనా చెయ్యాలనుకున్నప్పుడు సాఫ్టువేరు వాళ్ళకి మొదట తట్టేది కంప్యూటర్లు కొనివ్వడమే. స్నేహితులం నలుగురం తలా కొంత వేసుకుంటాం. పది కంప్యూటర్లు ఊరు చేరతాయి. సర్పంచి గారు రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో మెయిల్లో వస్తుంది. రెండేళ్ళ తర్వాత సెలవుకి వెళ్ళి చూస్తే ఆ గదికి తాళం వేసి ఉంటుంది. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయని, పాడైతే ఎవరు బాగు చేయిస్తారని హెడ్మాస్టరు గారి బెంగ. ఆ బెంగలో అన్యాయమేమీ లేదు. మనం యంత్రాన్ని పంపాం కానీ, ఏ తరగతికి, ఏ పాఠంలో, ఎంతసేపు దాన్ని వాడాలో చెప్పలేదు.

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లల చదువులో కంప్యూటరూ, కంప్యూటరు ఆటలూ నిజంగా ఏ పని చెయ్యగలవు? ఏది చెయ్యలేవు? ప్రోగ్రాము రాయడం తెలిసిన మనలాంటి వాళ్ళు అందులో ఎక్కడ పనికొస్తాం? ఈ వ్యాసంలో ఈ మూడు ప్రశ్నలు చూద్దాం. ఉదాహరణకి రంగూన్ (ఇప్పటి పేరు యాంగోన్) తరగతి గదిని తీసుకుంటున్నాను. అంత దూరం ఎందుకు వెళ్ళాలో ముందు చెప్పాలి.

రంగూనే ఎందుకు?

కోస్తా జిల్లాల్లో పాతతరం వాళ్ళు రంగూన్‌ని 'రంగం' అనేవారు. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడలెక్కి, అక్కడి ఓడరేవులోను, బియ్యపు మిల్లుల్లోను కూలి పనికి వెళ్ళినవాళ్ళు వేలకు వేలు. కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అన్న పేరు వచ్చింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. తర్వాతి కథ మన పెద్దవాళ్ళకి తెలిసిందే. 1942లో జపాను సేనలు వస్తే లక్షలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. 1964 జాతీయీకరణ తర్వాత మరెన్నో కుటుంబాలు ఓడల్లో తిరిగివచ్చాయి. విశాఖలో 'బర్మా క్యాంపు' అన్న పేట పేరు ఆ కథకి గుర్తు.

అక్కడే ఉండిపోయినవాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడు బర్మీస్‌లో చదువుకుంటున్నారు. 1965 నుంచి ప్రైవేటు బడుల్ని కూడా ప్రభుత్వం తీసేసుకుంది కాబట్టి బడిలో తెలుగు నేర్చుకునే దారి మూసుకుపోయింది. ఇంట్లోనో, గుడిలోనో, చర్చిలోనో సెలవు రోజుల్లో ఎంత నేర్చుకుంటే అంతే. అంటే మన డాలస్ పిల్లల పరిస్థితికి ఇది చాలా దగ్గర. తేడా ఏమిటంటే వాళ్ళది నాలుగో తరం, మనది రెండో తరం. వాళ్ళకి ఎదురైన చిక్కులు మనకి ముందు ముందు ఎదురవుతాయి.

రెండో కారణం సాంకేతికమైనది. 2000ల దశకంలో అక్కడ ఒక సిమ్ కార్డు ధర వెయ్యి డాలర్ల పైమాట. 2014లో విదేశీ కంపెనీలు రెండు వచ్చాక అదే కార్డు 1,500 చాట్‌లకి, అంటే దాదాపు డాలరున్నరకి దొరికింది. బల్ల మీది కంప్యూటరు ఇంటింటికీ చేరకుండానే జనం నేరుగా చేతిలోని ఫోనుకి గెంతారు. బడిలో కూడా పాత వల్లెవేత పద్ధతి మార్చే ప్రయత్నం ఆ కాలంలోనే మొదలైంది. 2016లో కిండర్‌గార్టెన్‌కి, మరుసటి ఏడాది ఒకటో తరగతికి కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. ప్రాథమిక తరగతుల పుస్తకాల తయారీకి జపాను సహాయ సంస్థ జైకా తోడ్పడింది.

మూడోది లిపి. బర్మీస్‌కి 33 హల్లులు. వాటి వరస మనకి తెలిసిన క ఖ గ ఘ ఙ వరసే. అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. మన పెద్దబాలశిక్షలాగే వాళ్ళకీ ఒక తొలి వాచకం ఉంది, దాని పేరు 'తిన్‌బోన్‌జీ', అంటే పెద్ద పలక. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న లిపి కంప్యూటరులో పడ్డ పాట్లు చూస్తే, మన పిల్లలకి ఆట తయారుచేసేటప్పుడు ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుస్తుంది.

ఏది ఆట, ఏది పూత?

పిల్లల సాఫ్టువేరు చాలావరకు ఇలా ఉంటుంది. తెర మీద '7 + 5 ఎంత?' అని ప్రశ్న. జవాబు సరైతే ఒక నక్షత్రం, పది నక్షత్రాలకి ఒక కోతి గంతులేస్తుంది. పిల్లవాడికి కోతి నచ్చుతుంది. కూడిక మాత్రం అంతకుముందు ఎంత వచ్చో అంతే వస్తుంది. పాత లెక్కల పుస్తకానికే రంగు పూశారు తప్ప ఆట లోపల లెక్క లేదు.

వైకుంఠపాళి గుర్తు తెచ్చుకోండి. 27వ గడిలో కాయ ఉంది, గవ్వలు 6 పడ్డాయి. పిల్ల ఒక్కొక్క గడీ లెక్కపెడుతూ 33కి వెళ్తుంది. నాలుగు రోజులు ఆడాక గడులు లెక్కపెట్టడం మానేసి నేరుగా 33లో కాయ పెడుతుంది. ఎవరూ చెప్పకుండానే కూడిక వచ్చింది. ఎందుకంటే ఆ ఆటలో ఎత్తు వెయ్యడమంటేనే కూడిక చెయ్యడం. వామనగుంటలు పంపకం నేర్పుతాయి, పులిజూదం రెండెత్తులు ముందుకు ఆలోచించడం నేర్పుతుంది.

దీన్నుంచి ఒక సూత్రం తీసుకోవచ్చు: ఆటలో పిల్ల చేసే పనీ, పాఠం నేర్పదలచిన పనీ ఒకటే అయి ఉండాలి. ఏ ఆటనైనా బడికి ఇచ్చే ముందు నక్షత్రాలూ బొమ్మలూ తీసేసి చూడండి. మిగిలినదాంట్లో పాఠం కనబడితే అది పనికొచ్చే ఆట. ఫిన్లండులోని యువాస్కులా విశ్వవిద్యాలయంలో పుట్టిన గ్రాఫోగేమ్ ఇందుకు మంచి ఉదాహరణ. శబ్దం వినిపిస్తుంది, అక్షరాలు తెర మీద పైనుంచి జారుతుంటాయి, విన్న శబ్దానికి సరిపడే అక్షరాన్ని పట్టుకోవాలి. చదవడం నేర్చుకోవడంలో మొదటి మెట్టు అదే కదా.

కొలిచి చూస్తే ఏం తేలింది?

ఇది అభిప్రాయాలతో తేలే విషయం కాదు. కొలిచినవాళ్ళు ఉన్నారు. మూడు అధ్యయనాలు చాలు.

మొదటిది వడోదరలో జరిగింది. 2002-04 మధ్య ప్రథమ్ సంస్థ అక్కడి మునిసిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలకి వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించింది. ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరు పిల్లలు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డూఫ్లో తదితరులు దాన్ని కొలిచారు. (ఈ ఇద్దరికీ 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.) లెక్కల మార్కులు మొదటి ఏడు 0.35, రెండో ఏడు 0.47 ప్రామాణిక విచలనాల మేర పెరిగాయి. ఇలాంటి ప్రయోగాల్లో ఇది పెద్ద లాభమే. అయితే కార్యక్రమం ఆగిన ఏడాదికి అందులో 0.10 మాత్రమే మిగిలింది.

రెండోదీ గుజరాత్‌లోనే. జ్ఞానశాల అనే స్వచ్ఛంద సంస్థ బడుల్లో ఒకే సాఫ్టువేరుని లీ లిండెన్ రెండు రకాలుగా పరీక్షించారు. కొన్ని చోట్ల టీచరు పాఠం చెప్పే సమయాన్ని తగ్గించి కంప్యూటరు పెట్టారు. మరికొన్ని చోట్ల బడి వేళ కాకుండా విడిగా పెట్టారు. టీచరు బదులు పెట్టినచోట పిల్లలు 0.57 మేర వెనకబడ్డారు. టీచరు పాఠానికి తోడుగా పెట్టినచోట 0.28 మేర ముందుకు వెళ్ళారు. సాఫ్టువేరులో ఒక్క అక్షరం మార్చలేదు. మారిందల్లా తరగతిలో దానికి ఇచ్చిన స్థానం.

మూడోది పెరూ. పిల్లకొక లాప్‌టాప్ పథకాన్ని 319 పల్లె బడుల్లో కొలిచి 2012లో ఫలితాలు ప్రకటించారు. పదిహేను నెలల తర్వాత లెక్కల్లో గానీ భాషలో గానీ తేడా కనబడలేదు. లాప్‌టాప్‌లు చేరాయి. వాటితో ఏ పాఠం, ఎలా అన్నది చేరలేదు. మొదట చెప్పుకున్న తాళం వేసిన గదికి ఇది అన్నగారు.

మూడూ కలిపి చూస్తే సంగతి స్పష్టం. ఆట టీచరుకి తోడుగా ఉండాలి, ఫలానా పాఠానికి కట్టుబడి ఉండాలి, ఒక ఏడాదితో ఆగిపోకూడదు. ఇందులో మొదటిదీ మూడోదీ బడి చేతిలో ఉన్నాయి. రెండోది ప్రోగ్రాము రాసేవాడి చేతిలో ఉంది. ఆ పని భాషతో మొదలుపెట్టామనుకుందాం. అక్కడే రంగూన్ అనుభవం మనకి అక్కరకొస్తుంది.

సంక్రాంతి అనే పదం కథ

బర్మావాళ్ళు ఏప్రిల్‌లో నీళ్ళు చల్లుకునే పండుగ చేసుకుంటారు. పేరు 'తింజాన్'. అది మన 'సంక్రాంతి'కి చుట్టమే. రాసేటప్పుడు ఇప్పటికీ స, ఙ, క, ర, న అక్షరాలతో 'సంక్రన్' అన్నట్టే రాస్తారు. పలికేటప్పుడు స నాలుక చివరకి జారి 'త'కి దగ్గరైంది, క్ర వెళ్ళి 'జ' అయింది. రంగూన్ యాంగోన్ కావడం కూడా ఇలాంటిదే. బర్మీస్‌లో ర అని రాసి య అని పలుకుతారు.

ఈ పదాన్ని కంప్యూటరులో ఎలా దాస్తారు? యూనికోడులో తింజాన్‌కి 8 సంకేతాలు. ఉచ్చారణ క్రమంలో స, ఙ, దాన్ని పొల్లుగా చేసే గుర్తు, కింద అక్షరాన్ని పేర్చమనే గుర్తు, క, ర-ఒత్తు, న, పొల్లు. చూడటానికి మాత్రం ర-ఒత్తు క-కి ఎడమవైపు నుంచి చుట్టుకుని ఉంటుంది, ఙ క-నెత్తి మీద చిన్న కొక్కెంలా కూర్చుంటుంది. ఆ కొక్కేనికి 'కింజీ' అని పేరు.

యూనికోడులో బర్మీస్‌కి 1999లోనే చోటు దొరికింది. కానీ పొల్లునీ, ఒత్తుల్నీ విడి సంకేతాలుగా సర్ది చిక్కులు తీర్చింది 2008లో వచ్చిన 5.1 వెర్షను. విండోస్‌లో బర్మీస్ నేరుగా కనబడింది 2012లో, విండోస్ 8తో. మనకి గౌతమి ఫాంటు 2001లోనే ఎక్స్‌పీతో వచ్చింది. ఆ ఖాళీలో జనం చేతికి అందినది 'జౌజీ' అనే ఫాంటు. అది యూనికోడు గడుల్నే వాడుకుంటుంది గానీ తనకి నచ్చినట్టు వాడుకుంటుంది. కంటికి కనబడిన వరసలోనే సంకేతాలు దాస్తుంది. తింజాన్ అందులో 6 సంకేతాలే: స, ర-ఒత్తు, క, కింజీ, న, పొల్లు. పైగా షాన్, కరెన్, మోన్ భాషలకి కేటాయించిన గడుల్లో తన అదనపు ఆకారాలు పెట్టేసింది. అంటే జౌజీ ఉన్న ఫోనులో ఆ భాషల పిల్లలకి వాళ్ళ అక్షరాలు సరిగ్గా కనబడవు.

మనకి ఇది కొత్త కాదు. ఒకప్పుడు ప్రతి తెలుగు దినపత్రికకీ సొంత ఫాంటు ఉండేది, ఒకదాని వార్త ఇంకోదానిలో వెతకలేకపోయేవాళ్ళం. వాటిని యూనికోడులోకి మార్చడానికి వెన్న నాగార్జున గారు 'పద్మ' రాశారు. 2006లో వీవెన్ గారి 'లేఖిని' వచ్చాక యూనికోడులో రాయడం అందరికీ అలవాటైంది. మనం తొందరగా బయటపడ్డాం. మయన్మార్‌లో 2019 అక్టోబరు 1ని యూనికోడుకి మారే రోజుగా పెట్టుకోవలసి వచ్చింది. ఈలోగా ఫేస్‌బుక్, గూగుల్ సంస్థలు ఏ వాక్యం ఏ పద్ధతిలో ఉందో ఊహించి మార్చే ప్రోగ్రాములు రాయవలసి వచ్చింది.

దీనికీ రెండో తరగతి పిల్లకీ ఏమిటి సంబంధం? 'క-కి ర-ఒత్తు ఇవ్వు' అన్నది పిల్లకి పాఠం. దాన్ని ఆటగా చెయ్యాలంటే ఏది హల్లు, ఏది ఒత్తు, ఏది ఏ హల్లుకి చెందుతుందో ప్రోగ్రాముకి తెలియాలి. జౌజీలో ఒత్తు ముందూ హల్లు తర్వాతా ఉంటాయి. పైగా ఒకే ఒత్తుకి వెడల్పుని బట్టి వేరు వేరు సంకేతాలు. బొమ్మ సరిగ్గానే ఉంటుంది, దాని వెనక భాష ఉండదు. ఆ పునాది మీద రాసిన అక్షరాల ఆట చివరికి బొమ్మలు జతచేసే ఆటగా మిగులుతుంది.

తెలుగు అక్షరాన్ని విడదీయడం

మన పునాది గట్టిదే కదా అని నిశ్చింతగా ఉండనక్కరలేదు. 'సంక్రాంతి'లో అక్షరాలెన్ని అని పిల్లనడిగితే మూడు అంటుంది: సం, క్రాం, తి. జావాస్క్రిప్టుని పొడవు అడిగితే 9 అంటుంది. స, సున్న, క, పొల్లు, ర, దీర్ఘం, సున్న, త, గుడి - ఇవీ ఆ తొమ్మిది. అక్షరాల గుంపులుగా విడదీయడానికి యూనికోడు ఇచ్చిన పాత నియమం పొల్లు దగ్గర తెంపేది కాబట్టి 4 అనేది: సం, క్, రాం, తి. సంయుక్తాక్షరాన్ని తెంపకూడదన్న నియమం తెలుగుతో సహా ఆరు లిపులకి 2023లో, 15.1 వెర్షనులో చేరింది. పిల్లల చేతుల్లో ఉండేవి మనం వాడి పక్కన పెట్టిన పాత ఫోన్లు. వాటిలో ఈ నియమం ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి విడదీసే పని మనమే రాసుకోవడం మేలు. నియమాలు నాలుగే:

1. అచ్చుతో మొదలైతే, దాని వెంట ఉన్న సున్న, విసర్గలతో కలిపి ఒక అక్షరం.

2. హల్లుతో మొదలైతే, 'పొల్లు, ఆపైన హల్లు' అన్న జత ఎన్నిసార్లు వస్తే అన్నీ కలుపుకోవాలి. తర్వాత గుణింతపు గుర్తు ఉంటే అదీ, సున్న, విసర్గ ఉంటే అవీ కలుపుకోవాలి.

3. పొల్లు తర్వాత హల్లు లేకపోతే, లేదా మధ్యలో ఒత్తుగా మారనివ్వని కనబడని సంకేతం ఉంటే అక్కడితో ఆగాలి. 'రంగూన్‌లో' అన్న మాటలో న్ కింద ల-ఒత్తు రాకుండా ఆపేది ఆ సంకేతమే.

4. మొదలుపెట్టే ముందు అంతా ఒకే రూపంలోకి తెచ్చుకోవాలి. ఐత్వాన్ని ఒక సంకేతంగానూ రాయవచ్చు, రెండుగానూ రాయవచ్చు. కంటికి తేడా తెలియదు, ప్రోగ్రాముకి తెలుస్తుంది.

ఇరవై వరసల ప్రోగ్రాము ఇది. ఇది లేకుండా రాసిన పదాల ఆటల్లో గడికొక పొల్లూ, గడికొక దీర్ఘమూ విడివిడిగా వేలాడుతుంటాయి. వాటిని చూసిన పిల్ల తెలుగు రాదని తనను తాను అనుకుంటుంది. తప్పు ప్రోగ్రాముది.

గుణింతం ఆట

ఇప్పుడు ఆట కడదాం. గుణింతమంటే చేర్చడం. కాబట్టి ఆటలో పిల్ల చేసే పని కూడా చేర్చడమే కావాలి. తెర మధ్యలో క. చుట్టూ తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం వగైరా. 'కా' అని వినిపిస్తుంది. పిల్ల దీర్ఘాన్ని లాగి క మీద పెడుతుంది. తప్పు పెడితే ఏం జరగాలన్నది అసలు ప్రశ్న. చాలా ఆటల్లో బుర్రుమని మోత, ఒక ఎర్ర గుర్తు. మన ఆటలో పిల్ల ఏం కట్టిందో అదే పలకాలి: 'నువ్వు కట్టింది కి. అడిగింది కా.' రెండూ వినబడ్డాక పిల్లే సరిచేసుకుంటుంది. తప్పు జవాబు కూడా పాఠం చెప్పిందన్నమాట.

ప, వ లకి కొమ్ము ఇచ్చినప్పుడు గుర్తు కుదిరే తీరు మారుతుంది. ఫాంటు దాన్ని తనంతట తానే చేసేస్తుంది. అక్కడ ఒక క్షణం ఆగి ఆ మార్పుని నెమ్మదిగా చూపించాలి. పిల్లలు చేతిరాతలో తడబడేది అక్కడే కాబట్టి.

గొంతు ఎవరిది? యంత్రం గొంతు వద్దు. ఆ ఊరి పిల్లలకి తెలిసిన టీచరుదో, అమ్మమ్మదో ఫోనులో రికార్డు చేస్తే చాలు.

ఏ అక్షరాల జంటల మీద ఎక్కువ ఆట పెట్టాలన్నది ఊరిని బట్టి మారుతుంది. బర్మీస్‌లో ట-వర్గం రాతలో ఉంది గానీ పలుకులో త-వర్గంతో కలిసిపోయింది. కాబట్టి రంగూన్ పిల్లకి త-ట, ద-డ, న-ణ జంటలు చెవికి ఒకటే. చ-వర్గం మొదటి అక్షరాన్ని వాళ్ళు స అని పలుకుతారు, స ని నాలుక చివరతో పలుకుతారు. ర, య ల సంగతి చెప్పుకున్నాం. పైగా బర్మీస్ వ అక్షరం అచ్చం మన సున్నలా ఉంటుంది, 'కం' చూసి ఆగిపోయే ప్రమాదం ఉంది. డాలస్ పిల్లకి వేరే చిక్కులు. ఇంగ్లీషులో మన త లేదు, కాబట్టి త-ట కష్టమే. క-కా, కి-కీ తేడా ఇంకా కష్టం. హైదరాబాదు పిల్లకి వీటిలో చాలావరకు సమస్యే కాదు. ఒక ఊళ్ళో కుదిరిన ఆట ఇంకో ఊళ్ళో విసుగు పుట్టించడానికి కారణం ఇదే. అందుకని జంటల పట్టికని ప్రోగ్రాములో పాతిపెట్టకుండా విడిగా ఒక మామూలు ఫైలులో ఉంచాలి. టీచరు దాన్ని తెరిచి వరస మార్చుకోగలగాలి.

ఒక కంప్యూటరు, నలభై మంది

నలభై మందికి నలభై యంత్రాలు రావు. రానక్కరలేదు కూడా. బెంగుళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంవాళ్ళు ఉదయ్ పవార్, జొయొజీత్ పాల్, కెంటారో టొయామా ఒక కంప్యూటరుకి ఐదు మౌసులు తగిలించి, తెర మీద ఐదు రంగుల బాణాలు పెట్టారు. 238 మంది పల్లె పిల్లలతో పరీక్షిస్తే, ఐదుగురు కలిసి వాడినా ఒక్కొక్కరూ విడిగా వాడినవాళ్ళతో సమానంగా మాటలు నేర్చుకున్నారు. ఆటని పోటీగా పెట్టారా, కలిసి చేసేలా పెట్టారా అన్నదాన్ని బట్టి ఫలితం బాగా మారిందని కూడా గమనించారు. ముందు నొక్కినవాడిదే గెలుపు అంటే పిల్లలు చదవకుండా నొక్కుతారు. ఐదుగురూ నొక్కితేనే ముందుకు కదిలేలా చేస్తే తెలిసినవాడు తెలియనివాడికి చెప్తాడు.

కరెంటు కూడా నమ్మకం లేనిదే. రంగూన్‌లో గంటల తరబడి కోత మామూలు. కాబట్టి పాఠాన్ని మూడు భాగాలు చేద్దాం. మొదటి పది నిమిషాలు నేల మీద అట్టముక్కలతో: ఒకరు హల్లు, ఇంకొకరు గుర్తు పట్టుకుని పక్కపక్కన నిలబడితే మిగతావాళ్ళు చదవాలి. తర్వాతి పదిహేను నిమిషాలు ఐదుగురేసి తెర ముందు, మిగతావాళ్ళు జంటలుగా అట్టముక్కలతో. చివరి పది నిమిషాలు అందరూ పలక మీద రాయాలి. కరెంటు పోతే మధ్యభాగం పోతుంది, పాఠం పోదు. కంప్యూటరు లేకుండానే కంప్యూటరు శాస్త్రం నేర్పే ఆటల్ని న్యూజీలండులో టిమ్ బెల్ బృందం 1990ల నుంచే 'అన్‌ప్లగ్డ్' పేరుతో తయారుచేస్తోంది. ఆ తోవ మన భాషా పాఠాలకీ సరిపోతుంది.

రంగూన్ వాళ్ళు ఈ కిటుకు ముందే పట్టుకున్నారు. అక్కడ 2016లో మొదలైన 360ఎడ్ సంస్థ అచ్చువేసిన కార్డులకి ఫోనుని జోడించింది. కార్డు మీద ఫోను పెడితే బొమ్మ లేచి నిలబడుతుంది. ఫోను లేనప్పుడు అది మామూలు కార్డే. టీ దుకాణాల్లో పనిచేసే పిల్లల దగ్గరికే బస్సులో బడిని తీసుకువెళ్ళే కార్యక్రమం కూడా 2014లో ఆ నగరంలోనే మొదలైంది.

నెట్టు లేని రోజు

2020లో కోవిడ్‌తో అక్కడి బడులు మూతపడ్డాయి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఇంటర్నెట్టు తెగిపోతూ వచ్చింది, ఫేస్‌బుక్‌ని ఆపేశారు, నిరసనగా టీచర్లు పెద్ద సంఖ్యలో విధులు మానేశారు. పాఠాలన్నీ ఎక్కడో సర్వరులో పెట్టుకున్న సాఫ్టువేరు ఏదైనా ఆ రోజుతో ఆగిపోవలసిందే. పనిచేసింది ఫోనులో ఉన్నదే. అక్కడివాళ్ళకి నెట్టు లేకుండా ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకి ఫైళ్ళు పంపుకునే జాప్యా లాంటి అప్లికేషన్లు ముందునుంచీ అలవాటు. కాబట్టి మన ఆట కొన్ని మెగాబైట్లలో ఇమడాలి, నెట్టు అడగకూడదు, లాగిన్ అడగకూడదు, చేతి నుంచి చేతికి వెళ్ళగలగాలి. మన పల్లె బడులకీ ఈ నియమాలే మంచివి.

పిల్లల పేర్లు, ఫొటోలు, ఏ ఇంటివాళ్ళన్నది ఆటకి అక్కరలేదు. అలాంటి పరిస్థితుల్లో ఆ వివరాలు ఎవరి చేతిలో పడతాయో తెలియదు కూడా. ఆట రాసుకోవలసింది రెండు గళ్ళే: ఏది అడిగాం, ఏది కట్టారు. వారం తిరిగేసరికి చిన్న పట్టిక తయారవుతుంది. 'ట అడిగితే త కట్టినవి పదిహేను' అని కనబడితే సోమవారం ఏ జంట మీద పాఠం చెప్పాలో టీచరుకి తెలిసిపోతుంది. నక్షత్రాల లెక్క ఈ పని చెయ్యదు. ఆట వల్ల మేలు జరిగిందో లేదో ఆట మార్కులతో కొలవకూడదు. మొదలుపెట్టే ముందు పది అక్షరాలు, నెల తర్వాత పది అక్షరాలు పలక మీద రాయించి చూడాలి. వడోదర లెక్క మరిచిపోకుండా మరుసటి ఏడాది ఇంకోసారి చూడాలి.

మనం చెయ్యగలిగింది

ఈ వ్యాసం చదివే వాళ్ళలో చాలామందికి ఈ ప్రోగ్రాము రెండు వారాంతాల పని. అసలు కష్టం ప్రోగ్రాములో లేదు. మీ ఊరి పిల్లలు ఏ జంట దగ్గర తడబడుతున్నారో తెలుసుకోవడంలో ఉంది. దానికి ఒక శనివారం తెలుగు తరగతిలో వెనక బెంచీలో కూర్చుని, ఏది అడిగితే ఏది రాశారో కాగితం మీద గీతలు పెట్టుకోవాలి. ముందు అది చెయ్యండి, తర్వాతే ఎడిటరు తెరవండి. విడదీసే ప్రోగ్రామునీ, జంటల పట్టికల్నీ అందరూ వాడుకునేలా బయట పెట్టండి. రంగూన్ పట్టికా, డాలస్ పట్టికా, మారిషస్ పట్టికా పక్కపక్కన ఉంటే ప్రతి ఊరూ మొదటినుంచి మొదలుపెట్టనక్కరలేదు.

రంగం వెళ్ళినవాళ్ళ నాలుగో తరానికి తెలుగు చెవికి కాస్త మిగిలినా కంటికి మిగలడం కష్టమైపోయింది. బడి లేకపోతే అంతే. ఏ ఆటా బడి కాలేదు, ఏ సాఫ్టువేరూ టీచరు కాలేదు. కానీ వారానికి రెండు గంటలు పాఠం చెప్పే ఓపికున్న మనిషి ఒకరు దొరికినచోట, ఆ రెండు గంటల్నీ వృథా కానివ్వకుండా చూడటం మన చేతిలో పని.